అదే మచ్చ

ఏడో గదిలోని పెద్దావిడను పక్కకు తిప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి. తుంటి విరిగి, ఆపరేషన్ జరిగి వారం కూడా కాలేదు. ఒకరు భుజమూ నడుమూ పట్టుకుని తమవైపు తిప్పుకోవాలి. రెండోవాళ్ళు ఆపరేషనైన కాలు రెండో కాలి మీదికి వాలకుండా పట్టి, మోకాళ్ళ మధ్య దిండు జారకుండా చూడాలి. ఒక్కరే పూనుకుంటే కొత్తగా వేసిన కీలు తప్పుకోవచ్చు. అందుకే ఆ పొద్దున ఇద్దరు నర్సులు వేణ్ణీళ్ళ బేసినూ, ఉతికిన దుప్పట్లూ పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళారు.

ఒకరు చిన్నక్క. అది పుట్టింట్లో తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ పెట్టిన పిలుపు. వాళ్ళ నోటి నుంచి బంధువులకు పాకి, బంధువుల నుంచి ఈ పరాయి దేశంలో ఉన్న నలుగురు తెలుగువాళ్ళకూ పాకి, చివరికి కట్టుకున్న మొగుడు కూడా ఫోనులో ఎవరితోనైనా "మా చిన్నక్క డ్యూటీలో ఉందండీ" అనేసి నాలిక్కరుచుకునే దాకా వచ్చింది. రెండో ఆమెను వార్డులో అందరూ పొడుగు సిస్టరంటారు. ఆమెదీ ఈ ఊరు కాదు, ఈ దేశం కాదు. ఇంకో సముద్రం అవతలి నుంచి వచ్చిన మనిషి. మంచి నలుపు, నింపాదిగా మాట, వార్డులో ఎవరికీ లేనంత ఓపిక.

పొడుగు సిస్టరు అలవాటు ప్రకారం ముందు కుళాయి దగ్గరికి వెళ్ళి అరచేతులు వేడినీళ్ళ కింద పెట్టింది. చల్లటి చేతులు తగిలితే ముసలి ప్రాణం ఉలిక్కిపడుతుందని ఆమె పట్టింపు. తుడుచుకుని, రెండు చేతులూ రుద్దుకుంటూ మంచం పక్కకొచ్చింది.

"రాత్రి నిద్ర పట్టిందా అమ్మా?"

పెద్దావిడ ఆమె ముఖం వైపు చూడలేదు. చేతుల వైపు చూసింది. "నువ్వొద్దు," అంది. "ఆ అమ్మాయి చేస్తుంది." గడ్డంతో చిన్నక్కను చూపించింది.

"ఇద్దరం చెయ్యాలమ్మా. కాలు జారితే బాధపడేది మీరే."

"నీ చేతులు నా ఒంటి మీద పడ్డానికి వీల్లేదు. మీవాళ్ళను నేను ఇన్నేళ్ళలో మా ఇంటి గడప దాటనివ్వలేదు. ఇక్కడికొచ్చి పక్కెక్కించుకోమంటారా?"

చిన్నక్క చేతిలోని దుప్పటి చేతిలోనే ఉండిపోయింది. పొడుగు సిస్టరు ముఖంలో ఏ మార్పూ లేదు. ఇలాంటివి వినీ వినీ ముఖాన్ని కదలనివ్వకుండా నేర్చుకున్న మనిషి ఆమె.

"సరే. నేను మిమ్మల్ని తాకను. దుప్పటి మీద నుంచి కాలు మాత్రం పట్టుకుంటాను," అంది.

చిన్నక్క భుజం పట్టి మెల్లగా తనవైపు తిప్పుకుంది. పెద్దావిడ సగం తిరిగిందో లేదో, దుప్పటి మీది ఆ నల్లటి చేతులు కంటపడ్డాయి. ఒక్కసారిగా మొండి పట్టుతో వెనక్కి విసురుగా వాలి, ఎడం చెయ్యి ఎత్తి కొట్టబోయింది. నడుము మంచం అంచు దాకా జారింది. పొడుగు సిస్టరు కాలు వదలకుండానే, మోచేతిని ఆమె వీపుకు అడ్డం పెట్టి ఆపింది. ఆ పెనుగులాటలో బేసిను తగిలి నీళ్ళన్నీ పక్క మీదా నేల మీదా పడ్డాయి.

"కొడుతోంది! నన్ను కొడుతోంది!" అని పెద్దావిడ గావుకేక పెట్టింది.

వరండాలో ఉన్న కొడుకు పరుగెత్తుకొచ్చాడు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, చేతిలో కాఫీ కప్పు. తల్లిని చూశాడు, తడిసిన పక్కను చూశాడు, ఇద్దరు నర్సులనూ చూశాడు. ఎవర్ని అడగాలో తేల్చుకోవడానికి అతనికి రెప్పపాటు కూడా పట్టలేదు.

"ఏం చేశావు మా అమ్మను?" పొడుగు సిస్టరు మీదికి వెళ్ళాడు. "ఇదేంటి? ఈ మణికట్టు చూడు! నలిపేశావా?"

పెద్దావిడ ఎడమ మణికట్టు మీద మచ్చ ఉంది. నీలంగా, అంచుల్లో ఊదారంగు తిరుగుతూ, బొటనవేలంత మచ్చ.

చిన్నక్క ఆ మచ్చను చూసింది. అది ఎక్కడిదో ఆమెకు తెలుసు. ముందు రోజు సాయంత్రం ఆ చేతికున్న సెలైన్ సూది తీసింది తనే. తీసి, దూది పెట్టి నొక్కుతుండగా తొమ్మిదో గది గంట మోగింది. "కాస్త ఇది గట్టిగా నొక్కి పట్టుకోండమ్మా, ఇప్పుడే వస్తా" అని పెద్దావిడ వేళ్ళ కింద దూది పెట్టి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి దూది నేల మీద ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు పడుతున్న ఒళ్ళు. చర్మం కింద నల్లబడుతుందని అప్పుడే అనుకుంది. ప్లాస్టరు వేసి, డ్యూటీ దిగి ఇంటికెళ్ళిపోయింది.

"అది…" అని నోరు తెరిచింది.

కొడుకు అరుస్తూనే ఉన్నాడు. పెద్దావిడ ఏడుస్తోంది. ఇంతలో వార్డు ఇన్‌ఛార్జి వచ్చింది. ఇక్కడి మనిషే. గొంతు పెంచడం ఆమెకు తెలియదు. ఎంత కోపమొస్తే అంత తియ్యగా మాట్లాడుతుంది. "మీరు కంగారు పడకండి, నేనున్నాగా," అని కొడుక్కి చెప్పి, పొడుగు సిస్టరు వైపు తిరిగింది. "నువ్వు కాసేపు స్టోరులో ఉండు."

"నేనేం చేశాను మేడమ్?"

"ఏదో చేశావని నేనన్నానా? కాస్త చల్లబడనీ."

పొడుగు సిస్టరు చిన్నక్క వైపు ఒక్క చూపు చూసింది. అడుగుతున్నట్టు కాదు, ఏం చేస్తుందో చూద్దామన్నట్టు. చిన్నక్క వంగి నేల మీది నీళ్ళు తుడవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత కాలు పట్టుకోవడానికి ఇన్‌ఛార్జే వచ్చింది. పొడి దుప్పటి పరిచి, వీపు తుడిచి, మడమల కింద మెత్తలు పెట్టి సర్దేసరికి పెద్దావిడ నెమ్మదించింది. చిన్నక్క చెయ్యి పట్టుకుని నిమిరింది. "నువ్వు వేరమ్మా. నువ్వు వాళ్ళలాంటిదానివి కాదు. చక్కటి రంగు," అంది.

చిన్నక్కకు లోపల ఎక్కడో వెచ్చగా అనిపించింది. వెంటనే సిగ్గూ వేసింది. కానీ ముందొచ్చింది మాత్రం ఆ వెచ్చదనమే.

*

"అయితే మనకు ప్రమోషన్ వచ్చిందన్నమాట," అన్నాడు మొగుడు ఉల్లిపాయలు తరుగుతూ. అతను పార్సిళ్ళ గోదాములో పనిచేస్తాడు. చిన్నక్కకు పగటి డ్యూటీ ఉన్న రోజున వంట అతనిదే.

"ప్రమోషనేంటి మధ్యలో?"

"మరేంటి? నిన్నటిదాకా మనమూ వాళ్ళ లెక్కలో పరాయివాళ్ళమే. ఇవాళ ఒక మెట్టు పైకెక్కించారు. కింద ఇంకొకరు దొరికారుగా." కళ్ళు మండుతుంటే మోచేత్తో తుడుచుకున్నాడు. అతనిది బాగా నలుపు. పెళ్ళిచూపుల నాటి నుంచీ తన రంగు మీద తనే హాస్యాలాడుతుంటాడు, ఇంకెవరూ ఆడకముందే. ఇవాళ మాత్రం ఆ హాస్యం రాలేదు.

మచ్చ సంగతి చిన్నక్క అతనికి చెప్పలేదు. నోటిదాకా వచ్చింది గానీ, ఫోను మోగింది. పెద్దక్క. తెరమీద ముఖం కనిపించీ కనిపించకముందే, "పాపేదే? పాపను చూపించు," అంది.

పదకొండేళ్ళ కూతురు పుస్తకం వదిలి వచ్చి చెయ్యూపింది.

"అయ్యో, ఇంకా నల్లబడిందేంటే చిన్నక్కా! ఎండలో ఆటలకు పంపిస్తున్నావా? నువ్వు అంత రంగున్నావు, ఒక్క వీసమైనా నీది రాకూడదూ! మొన్న ఇక్కడ ఒక క్రీము దొరికింది. అటొచ్చేవాళ్ళెవరైనా ఉంటే ఇచ్చి పంపిస్తా. పొద్దునా సాయంత్రం రాయి."

"ఊఁ," అంది చిన్నక్క. ఎప్పుడూ అనేది అదే. వాదన ఎందుకని.

కూతురు తెరలోంచి మెల్లగా పక్కకు తప్పుకుంది. ఒక్కొక్కటిగా భుజం, చెవి, జడ కూడా కనిపించకుండా పోయాయి. అలా తప్పుకోవడం ఆ పిల్ల ఎప్పుడు నేర్చుకుందో చిన్నక్క గమనించలేదు.

*

మర్నాడు ఇన్‌ఛార్జి చిన్నక్కను తన గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసింది.

"ఆ కొడుకు ఫిర్యాదు ఇచ్చాడు. పై ఆఫీసు దాకా వెళ్ళింది. నువ్వక్కడే ఉన్నావు కదా."

"ఉన్నాను మేడమ్."

"అయితే నువ్వు చూసింది చెబితే చాలు. చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఆవిడకు నొప్పి పుట్టింది, అరిచింది. అంతేగా?"

"మేడమ్, ఆవిడ ముందే అంది. నల్లవాళ్ళ చేతులు తన మీద…"

ఇన్‌ఛార్జి అరచెయ్యి ఎత్తి ఆపింది. "పెద్దవాళ్ళు. నొప్పిలో ఏవో అంటారు. అవన్నీ పట్టించుకుంటామా? అక్కడ ఆ మాటలు తెస్తే ఆసుపత్రికి మంచి పేరొస్తుందా?" కాస్త ముందుకు వంగింది. "నీ గురించి నాకెప్పుడూ ఒక్క ఫిర్యాదు రాలేదు. గొడవల జోలికి పోని పిల్లవు. నిన్ను పర్మనెంటు చెయ్యమని ఈ నెలలోనే సిఫారసు పంపాలి. నా చేతిలో పనే అది."

బెదిరింపు లాంటి మాట ఒక్కటీ లేదు. ఇంకాస్త కాఫీ పొయ్యమంటావా అన్నంత మర్యాదగా అంది. చిన్నక్క తలూపకుండా, ఊపినట్టూ కాకుండా ఏదో చేసి బయటపడింది.

కట్లు కట్టే గాజుగుడ్డ తెచ్చే నెపంతో స్టోరుకు వెళ్ళింది. కిటికీ లేని గది. పొడుగు సిస్టరు అట్టపెట్టెలు విప్పి, గ్లవుసులు సైజుల వారీగా అరల్లో పేరుస్తోంది. ఆపరేషన్ థియేటరులో కూడా పనిచేసిన నర్సును, కూలి పనిలో పెట్టినట్టు పెట్టారక్కడ.

"నీకేం కావాలి?"

"గాజుగుడ్డ."

తీసిచ్చింది. చిన్నక్క కదల్లేదు. "పిలిచారు నన్ను. సాక్ష్యం చెప్పమని," అంది.

"తెలుసు."

"నేను…"

"నాకేం చెప్పకు," పొడుగు సిస్టరు మళ్ళీ పెట్టె విప్పసాగింది. "నువ్వు ఫలానాలా చెప్పు అని నేను అడిగాననుకో, బతిమాలుకున్నట్టు ఉంటుంది. నేను తప్పు చెయ్యలేదు. బతిమాలను."

చిన్నక్కకు అక్కడే నిలబడి ఆ మచ్చ నాది అని చెప్పేయాలనిపించింది. చెబితే ఆమె ఆశ పెట్టుకుంటుంది. ఆశ పెట్టాక తను వెనక్కి తగ్గితే? ఆ అనుమానం తన మీద తనకే రావడం చూసి ఒళ్ళు మండింది. గాజుగుడ్డ పట్టుకుని వచ్చేసింది.

ఆ రోజు ఏడో గదిలో పెద్దావిడ నోరు కడిగింది, మందులు మింగించింది, బెడ్‌పాన్ పెట్టింది, తీసింది. ఆవిడ మణికట్టు ఎత్తి నాడి చూసినప్పుడల్లా ఆ మచ్చ కంటికి సూటిగా తగులుతోంది. నీలం కాస్తా పచ్చబడుతోంది. "ఆ మనిషే చేసింది ఇది," అని పెద్దావిడ వచ్చేపోయే వాళ్ళందరికీ చూపిస్తోంది. అబద్ధమాడుతున్నానని ఆవిడకు అనిపించడం లేదు. తలుచుకునీ తలుచుకునీ నిజంగానే అలా జరిగిందనుకుంటోంది.

సాయంత్రం ఇంట్లో బట్టలు మడత పెడుతూ, చిన్నక్క మొగుడికి మొత్తం చెప్పింది. దూది, తొమ్మిదో గది గంట, నేల మీద రక్తం చుక్క, అన్నీ. అతను పడుకున్నవాడు లేచి కూర్చున్నాడు.

"చెబితే నీ మీదికొస్తుంది కదే. అద్దె, పాప బడి, వీసా… నీ ఉద్యోగం మీదే మనం ఇక్కడున్నది."

"తెలుసు."

"చెప్పొద్దని అనడం లేదు. తెలుసుకుని చెప్పు అంటున్నాను."

మూలన పుస్తకం ముందు కూర్చున్న కూతురు తలెత్తింది. వింటోందని ఇద్దరికీ తట్టలేదు.

"అమ్మా, నేను నాన్న రంగు కదా?"

"ఏం?"

"నేను పెద్దయ్యి నర్సునైతే ఆ మామ్మ నన్ను ముట్టుకోనిస్తుందా?"

మొగుడు గోడ వైపు చూశాడు. చిన్నక్క చేతిలో చొక్కా చేతులు లోపలికి మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది. ఆ పిల్లకు అబద్ధం చెప్పాలని ఎంత వెతుక్కున్నా ఒక్కటీ దొరకలేదు.

"ముట్టుకోనివ్వదు," అంది.

*

విచారణ రెండు రోజుల తర్వాత, పై అంతస్తులో. పొడవాటి బల్ల, తళతళలాడే కుర్చీలు. సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసరు నడుమ కూర్చున్నాడు. ఒక పక్క ఇన్‌ఛార్జి, ఇంకో పక్క పెద్దావిడ కొడుకు. చిన్నక్కకు ఎదురుగా కుర్చీ చూపించారు. పొడుగు సిస్టరుకు మాత్రం బల్ల దగ్గర కాదు, తలుపు పక్కన గోడకానించిన కుర్చీ వేశారు. అందరి ముందూ మంచినీళ్ళ గ్లాసులున్నాయి. ఆమె ముందు గ్లాసు పెట్టడానికి బల్లే లేదు.

"ముందుగా ఒక మాట," ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "ఈ ఆసుపత్రిలో ఎవరి పుట్టుకతోనూ రూపంతోనూ మాకు పని లేదు. అందరూ సమానమే. మా ముందున్న ప్రశ్న ఒక్కటే. రోగి ఒంటి మీద గాయం ఎలా వచ్చింది?"

కొడుకు ఫోనులో తీసిన ఫోటో చూపించాడు. మచ్చ తెరనిండా పెద్దదై కనిపించింది. "ఎనభై దాటిన మనిషండీ మా అమ్మ. పసిపిల్లతో సమానం. ఎంత పశుబలం వాడితే ఇలా కములుతుంది?"

"నిజమే," ఆఫీసరు తల పంకించాడు. "ఇది చిన్న పొరపాటు కాదు. నిస్సహాయ స్థితిలో ఉన్న రోగి మీద దాడి. రుజువైతే ఉద్యోగంతో పోదు. లైసెన్సు పోతుంది. ఇంకెక్కడా నర్సుగా పనిచెయ్యడానికి వీలుండదు." చిన్నక్క వైపు తిరిగాడు. "చెప్పమ్మా. భయపడకు. ఏం చూశావు?"

ఇన్‌ఛార్జి ఆమె వైపు చూసి మెల్లగా నవ్వింది.

చిన్నక్క అరచేతులు బల్ల కింద గౌనుకు తుడుచుకుంది.

"ఆ మచ్చ నేను చేసిందండీ," అంది.

కొడుకు ఫోను పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగింది.

"ఆమె కాదు. నేను. గొడవకు ముందు రోజు సాయంత్రం సెలైన్ సూది తీశాను. తీశాక అక్కడ గట్టిగా నొక్కి పెట్టాలి. ఆ మందులు వాడుతున్నవాళ్ళకైతే ఇంకా ఎక్కువసేపు. నేను పెట్టలేదు. ఇంకో గంట మోగిందని దూది ఆవిడ చేతికిచ్చి వెళ్ళిపోయాను. లోపల రక్తం దిగి నల్లబడింది. పొద్దున ఆమె గదిలోకి రాకముందే మచ్చ ఉంది. ఆమె ఆవిడ చెయ్యి ముట్టుకోనే లేదు. మంచం మీంచి పడిపోకుండా మోచేతితో వీపు ఆపింది. అంతే."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ఆఫీసరు.

"భయపడ్డాను."

ఇక తిట్లు మొదలవుతాయని చిన్నక్క వెన్ను బిగబట్టుకుని కూర్చుంది. దాడి, లైసెన్సు, ఇంకెక్కడా పనికి రావు… ఇందాకటి మాటలన్నీ ఇప్పుడు తన వైపు తిరుగుతాయని ఎదురుచూసింది.

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ముఖం తేటపడింది. "ఓహో, అదా సంగతి! ఆ వయసులో చర్మం ఉల్లిపొరలా ఉంటుంది. పైగా ఆ మందులు. సూది తీసిన చోట కమలడం మామూలే. మా అత్తగారికీ అయింది మొన్న."

"పోనీలెండి," అన్నాడు కొడుకు. అతని గొంతులో కోపం ఎటు పోయిందో పోయింది. "ఒక్క మనిషి ఎన్ని గదులని చూస్తుంది? మా అమ్మకు కూడా ఈ అమ్మాయంటే ఇష్టం."

"నిజాయితీగా ఒప్పుకుంది. అది కదా కావాల్సింది," ఇన్‌ఛార్జి చిన్నక్క భుజం మీద తట్టింది. ఆమె ముఖంలో చిరాకుంది, కానీ గండం గడిచిందన్న ఊరట అంతకంటే ఎక్కువగా ఉంది.

కుర్చీలు వెనక్కి జరుగుతున్న చప్పుడు. ఆఫీసరు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ఎవరో చిన్నగా నవ్వారు కూడా.

చిన్నక్క కూర్చునే ఉంది. భయం దిగిపోయి హాయిగా ఉండాలి నిజానికి. హాయి లేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఒక్క మాటైనా తిట్టి ఉంటే.

"కూర్చోండి," అంది.

అంత గట్టిగా వస్తుందని ఆమె కూడా అనుకోలేదు. ముగ్గురూ ఆగారు.

"ఇప్పుడేగా సార్ దాడి అన్నారు? పశుబలం అన్నారు. లైసెన్సు పోతుందన్నారు. మచ్చ అదే కదా! ఫోనులో ఉన్నది అదే ఫోటో కదా! ఆమె చేసిందనుకున్నంతసేపూ దాడి. నేను చేశానని తెలిసేసరికి ఉల్లిపొర అయిపోయిందా? ఇంతలోకే ఆవిడ చర్మం పలచబడిపోయిందా?"

"ఆవేశపడకమ్మా," అన్నాడు ఆఫీసరు.

"నేను చేసింది తప్పు. ఆమె చేసింది పని. నా తప్పును మీరు ఇంత తేలిగ్గా తీసిపారేస్తుంటే, ఆమె పనికి ఆమెను స్టోరులో పడేశారు. ఆ పెద్దావిడ ఏమందో నేను విన్నాను. 'నీ చేతులు నా ఒంటి మీద పడ్డానికి వీల్లేదు, మీవాళ్ళను మా గడప దాటనివ్వలేదు' అంది. అది విని కూడా ఆమె దుప్పటి మీద నుంచి కాలు పట్టుకుంటానంది. ఆవిడ కాలు జారకూడదని. నేను మేడమ్‌తో ఆ మాట చెప్పబోతే చెప్పనివ్వలేదు."

ఇన్‌ఛార్జి నీళ్ళ గ్లాసు అందుకుంది. తాగలేదు.

"నాకు రాయండి," అంది చిన్నక్క. "ఆమెకు ఏం రాయబోయారో అదంతా నాకు రాయండి. లేదంటే ఆమెను ఇక్కడికి, ఈ బల్ల దగ్గరికి పిలిచి, తప్పయిందని చెప్పండి. రెండిట్లో ఏదైనా సరే. రెండూ కాకుండా లేచి వెళ్ళిపోతే మాత్రం ఇందాక మీరన్న సమానం అన్న మాటకు ఏమర్థం?"

ఆఫీసరు కొడుకు వైపు చూశాడు. కొడుకు గడియారం చూసుకున్నాడు. "మా అమ్మ అలాంటి మనిషి కాదు," అని గొణిగాడు.

"ఫిర్యాదును ఇంతటితో మూసేస్తున్నాం," ఆఫీసరు తేల్చేశాడు. "ఎవరి మీదా ఏ చర్యా లేదు. అందరికీ మంచిదే."

తలుపు పక్క నుంచి అప్పుడు పొడుగు సిస్టరు లేచి నిలబడింది.

"నన్ను ఇంతసేపు కూర్చోబెట్టారు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు," అంది. తలుపు తీసుకుని, శబ్దం కాకుండా వేసి, వెళ్ళిపోయింది.

*

నర్సులు భోజనం చేసే గదిలో పొడుగు సిస్టరు ఒక్కతే కూర్చుని డబ్బా విప్పుకుంది. చిన్నక్క వచ్చి ఎదురుగా నిలబడింది. కృతజ్ఞత చెబుతుందని రాలేదు గానీ, మనసులో ఏ మూలో కాస్త మెత్తటి మాట కోసం చూసింది.

"మచ్చ సంగతి నీకు మొదటిరోజే తెలుసు," అంది పొడుగు సిస్టరు.

"తెలుసు."

"నేను స్టోరులో పెట్టెలు మోస్తున్నప్పుడూ తెలుసు. గాజుగుడ్డ కోసం వచ్చినప్పుడూ తెలుసు."

"తెలుసు."

"మా అమ్మాయికి ఫోను చేసి, బహుశా వచ్చేస్తానేమో, ఉద్యోగం ఉండేట్టు లేదు అని చెప్పాను. అది కాలేజీ మానేసి ఎక్కడైనా పనిలో చేరతానంది." డబ్బా మూత మళ్ళీ పెట్టేసింది. "చివరికి చెప్పావు. మంచిదే. కానీ నాకు నీ మీద కోపంగా ఉంది. ఇప్పట్లో పోదు."

"పోనక్కర్లేదు," అంది చిన్నక్క. అంతకుమించి ఏమన్నా తనను తాను సమర్థించుకున్నట్టే ఉంటుందని ఊరుకుంది.

"వాళ్ళు మూసేశామన్నారుగా. నేను మూసుకోను. ఊళ్ళో నర్సుల సంఘం ఉంది. అక్కడికి పోతున్నాను. ఇన్‌ఛార్జి మీద, ఆఫీసరు మీద. అక్కడ నిన్ను పిలుస్తారు. ఇవాళ్టిలా భుజం తట్టి పంపించరు. నీ పర్మనెంటు సంగతి మర్చిపోవాలి."

చిన్నక్కకు అద్దె గుర్తొచ్చింది. మొగుడి ముఖం గుర్తొచ్చింది.

"పిలవమను. వస్తాను," అంది.

తలుపు దగ్గర అడుగుల చప్పుడు. ఇన్‌ఛార్జి, చేతిలో మర్నాటి డ్యూటీ చార్టుతో. ఇద్దరినీ ఒకచోట చూసి క్షణం తటపటాయించి, మళ్ళీ ఆ తియ్యటి గొంతు తెచ్చుకుంది.

"రేపటి నుంచి అంతా మామూలే. నువ్వు వార్డులోకి వచ్చెయ్," అంది పొడుగు సిస్టరుతో. తర్వాత చిన్నక్కతో, "ఏడో గది మాత్రం నువ్వు చూసుకో. తిప్పేటప్పుడు ఎవరినో ఒకరిని సాయం పంపిస్తాను."

"ఆమెను పంపండి," అంది చిన్నక్క.

"ఆవిడ ఒప్పుకోదని తెలుసుగా."

"ఎందుకు ఒప్పుకోదు మేడమ్?"

"ఎందుకంటే…" ఇన్‌ఛార్జి ఆగింది.

"చెప్పండి. ఇక్కడ మేం ఇద్దరమే ఉన్నాం. ఆమె ముఖం చూసి ఆ కారణమేంటో చెప్పండి. మీరు చెబితే నేను ఒక్కదాన్నే వెళ్తాను."

ఇన్‌ఛార్జి పొడుగు సిస్టరు వైపు చూసింది. పొడుగు సిస్టరు కూడా ఆమెనే చూస్తోంది, రెప్ప వాల్చకుండా, ఒక మాట కోసం మర్యాదగా ఎదురుచూస్తున్నట్టు. ఇన్‌ఛార్జి పెదవులు కదిలాయి. ఇన్నాళ్ళూ ఇద్దరు నర్సులను, ఒక వార్డును, ఒక పై ఆఫీసును ఆడించిన ఆ చిన్న మాట, తన నోటితో పలకాల్సి వచ్చేసరికి బయటికి రాలేదు. మెడ మీద ఎర్రదనం పాకింది. చార్టును బల్ల మీద పెట్టి, పెన్ను తీసి, ఏడో గదికి ఎదురుగా రెండు పేర్లు రాసింది. గట్టిగా రాసింది, కాయితం చిరిగేంత. ఇంకేం అనకుండా వెళ్ళిపోయింది.

వరండాలో మందుల బండి చక్రాలు కీచుమంటూ పోయాయి.

పొడుగు సిస్టరు డబ్బా మూత మళ్ళీ తీసింది. చిన్నక్క వైపు చూడకుండానే, పక్క కుర్చీలో ఉన్న తన సంచీని ఎత్తి కింద పెట్టింది.